ఏ వేళకు పడుకోవాలి బాబాయ్?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం ఆరోగ్యం పేజీ నేను ఒక్క వారం కూడా వదలను, కళ్లజోడు తుడుచుకుని మరీ చదువుతాను. కాబట్టి ఇది పేజీ తిరగేయకుండానే తిట్టేవాడి ఉత్తరం అనుకోకండి.

పోయిన వారం నిద్ర గురించి వేశారు. రోజూ ఒకే వేళకు పడుకోండి, ఒకే వేళకు లేవండి, ఫోన్ గదిలోకే తేవద్దు, టెన్షన్లు గుమ్మం బయట వదిలేయండి అని. ఆ రోజు మా అన్నయ్య కొడుకు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడిది గోదాంలో ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఎప్పుడు ఏది అన్నది ముందు రోజు సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వస్తే గానీ తెలియదు. అందుకని ఫోన్ తలగడ కిందే పెట్టుకుంటాడు. మీ పేజీ మొత్తం చదివి, మొదటి లైను మీద వేలు పెట్టి, "ఏ వేళకు బాబాయ్?" అన్నాడు. వెటకారం చేస్తున్నాడేమో అనుకున్నాను గానీ మొహం చూస్తే నిజంగానే అడుగుతున్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. మీ డాక్టరు గారికీ తోచదు, ఎందుకంటే వాడు ఏ వేళకు పడుకోవాలో నిర్ణయించేది డ్యూటీ చార్టు వేసేవాళ్లు, వాళ్లు అలా ముందురోజు చెప్పినా సరిపోతుందని ఊరుకునే నిబంధనలు.

నా ఫిర్యాదు అదే. మీ పేజీలో ప్రతి జబ్బుకూ మందు మనిషి చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది. పని గంటల వార్త బిజినెస్ పేజీలో, పన్నుల వార్త మొదటి పేజీలో, బస్సుల వార్త ఎక్కడో మూల వేస్తారు. వాటిలో ఒక్కటీ ఆరోగ్యం వార్త కానట్టే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఈ ఎక్కువ గంటల పనికి బలైనవాళ్లు 7,45,000 మంది అని వాళ్ల అంచనా. ఇక రాత్రి డ్యూటీల సంగతైతే, క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ వాటిని 2007లోనే 'బహుశా క్యాన్సర్ కారకం' అనే జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఇదంతా పెట్టుకుని మావాడికి పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయమని చెబుతున్నాం.

నా సంగతీ చెప్పాలి. నేను 17 ఏళ్లు సిగరెట్లు తాగి మానేశాను. చుట్టాల్లో ఎవరు కనపడినా మనసు గట్టిగా ఉంటే ఏదైనా మానొచ్చు అని ఉపన్యాసం ఇస్తుంటాను, మా ఆవిడ పక్కనుంచి నవ్వుతుంది, ఆవిడకు అసలు కథ తెలుసు. మొదట్లో ఆఫీసులో సీట్లో కూర్చునే తాగేవాళ్లం. తర్వాత వరండాలోకి వెళ్లమన్నారు, ఆ తర్వాత భవనంలో ఎక్కడా వద్దన్నారు. నాలుగంతస్తులు దిగి గేటు బయట నిలబడాలి. వానాకాలంలో ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో అగ్గిపెట్టె, మూడో పుల్లకు గానీ అంటుకోదు, అంటుకునేసరికి సెక్షన్ నుంచి పిలుపు. దానికి తోడు పన్ను పెరిగినప్పుడల్లా రేటు పెరిగేది. రోజుకు పది కాస్తా ఆరయ్యాయి, ఆరు మూడయ్యాయి, ఒకరోజు మెట్లు దిగడానికి బద్ధకమేసి మానేశాను. నా సంకల్పబలం అంటే ఆ బద్ధకమే. ఎవరో ఒక రూలు పెట్టారు, ఇంకెవరో ఒక పన్ను వేశారు, పేరు మాత్రం నేను కొట్టేశాను.

పొగాకు మీద చేసిన పరిశోధనలూ ఇదే చెబుతాయి. ధర 10 శాతం పెరిగితే వాడకం డబ్బున్న దేశాల్లో 4 శాతం దాకా, మిగతా దేశాల్లో 5 శాతం దాకా తగ్గుతుంది. అందరికంటే ముందు తగ్గించేది కుర్రవాళ్లూ, డబ్బు లేనివాళ్లూ. పన్నంటే పేదవాడి జేబుకు చిల్లే కదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. మానలేనివాడికి చిల్లే, కాదనను. ఆ వచ్చిన డబ్బుతో మాన్పించే కేంద్రాలు పెట్టకపోతే అది వట్టి వసూలు అవుతుంది.

అన్నిసార్లూ మనిషి మారాల్సిన పని కూడా లేదు. బ్రిటన్‌లో చక్కెర ఎక్కువున్న కూల్‌డ్రింకుల మీద పన్ను వేస్తామని 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు, ఆపైన ఉంటే ఒక రేటు, 8 గ్రాములు, ఆపైన ఉంటే ఇంకో రేటు, కట్టాల్సింది తయారీదారు. మధ్యలో రెండేళ్లు టైమ్ దొరికింది కదా, చాలా కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి చక్కెరే తగ్గించేశాయి. తాగేవాడు అదే సీసా కొన్నాడు, వాడి ఒంట్లోకి వెళ్లే చక్కెర మాత్రం తగ్గింది. వాడు మీ పేజీ చదివాడా లేదా అన్న ప్రశ్నే రాలేదు!

విధానాలు ఆయుష్షును పెంచగలవు, తుంచగలవు కూడా. సోవియట్ యూనియన్‌లో 1985లో మద్యం మీద కట్టడి పెట్టాక రష్యాలో మగవాళ్ల సగటు ఆయుర్దాయం పెరిగి రెండేళ్లలో 65 దగ్గరికి వచ్చింది. కట్టడి సడలింది, తర్వాత దేశమే కూలింది, ఉద్యోగాలూ పొదుపులూ పోయాయి. 1994 వచ్చేసరికి అది 58 లోపుకు పడిపోయింది. ఏడేళ్లలో అక్కడి మగవాళ్లందరికీ ఒక్కసారిగా క్రమశిక్షణ తప్పిందని ఎవరైనా అంటారా?

అన్నింటికంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. సుమారు 18,000 మంది మగ ఉద్యోగులు. అందరికీ నెల జీతం, ఎవరూ కూటికి లేనివాళ్లు కారు. అయినా పై అధికారులతో పోలిస్తే అట్టడుగున ఉన్న బంట్రోతుల మరణాల రేటు సుమారు మూడు రెట్లుంది. కిందివాళ్లు సిగరెట్లు ఎక్కువ తాగుతారు కాబట్టి అనుకుందామంటే, సిగరెట్లు, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో చాలా భాగం అలాగే మిగిలింది. 1985లో మైకేల్ మార్మట్ అనే వైద్య పరిశోధకుడి ఆధ్వర్యంలో ఆడవాళ్లను కూడా కలిపి రెండో అధ్యయనం మొదలుపెట్టారు. తన పని ఎలా, ఎప్పుడు చేయాలో తన చేతిలో లేనివాళ్లకు గుండెజబ్బు ఎక్కువ వస్తోందని అందులో బయటపడింది. ఇది చదివినప్పుడు నాకు వెంటనే తలగడ కింద ఫోన్ గుర్తొచ్చింది.

డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు బుర్ర కూడా మందగిస్తుంది. తమిళనాడులో చెరుకు రైతుల మీద చేసిన పరిశోధన 2013లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది. కోతకు ముందు, చేతిలో పైసా ఆడని రోజుల్లో ఒకసారి, పంట డబ్బు వచ్చాక ఇంకోసారి తెలివితేటల పరీక్షలు పెడితే, అదే రైతు మొదటిసారి తక్కువ, రెండోసారి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. జీతం పడక, అప్పు తీరక ఉన్న మనిషికి 'ముందుచూపుతో ఉండండి' అని సలహా ఇచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే బాగుండు.

అలాగని మనిషి చేతిలో ఏమీ లేదనీ, నేను మళ్లీ సిగరెట్ అంటించినా సర్కారుదే తప్పనీ అనడం లేదు. నడవగలిగినవాళ్లు నడవాలి, మీ సలహాలు వేయాలి కూడా. నా ఇబ్బందల్లా, పాటించలేనివాడు ఆ పేజీ చదివి తన జబ్బుకు తానే కారణం అనుకుంటాడు, సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం కూడా వాయిదా వేస్తాడు.

వచ్చే వారం గుండె గురించి అని కింద వేశారు. డాక్టరు గారిని అడిగే ప్రశ్నలు డాక్టరు గారిని అడగండి. ఆ పక్కనే చిన్న గడి కట్టి, కార్మిక శాఖ వాళ్లను కూడా రెండు ప్రశ్నలు అడగండి: డ్యూటీ మారుస్తుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఎవరికి ఫిర్యాదు చేయాలి? జవాబు రాకపోతే రాలేదని వేయండి, అదీ వార్తే.

మావాడు ఆ నిద్ర పేజీ మడిచి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు, అందుకని మళ్లీ చూసి రాయడానికి కుదరలేదు. మీ సలహాల్లో ఏదైనా అటూ ఇటూగా రాసి ఉంటే సరిదిద్దండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు