నాన్నకి, బుకానన్ నుంచి

నాన్నా, ఎలా ఉన్నావు, అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా. పోయిన ఆదివారం ఫోన్లో నువ్వు "సోలార్ పెట్టావు సరే, ఎర్త్ ఎక్కడ వేశావురా" అని అడిగావు చూడు, నేను నోరు తెరిచేలోపే నెట్ పోయింది. నలభై ఏళ్ళు లైన్‌మన్‌గా చేసినవాడివి కదా, ప్యానెళ్ళు ఎన్ని, ఖర్చెంత అని అందరూ అడిగారు గానీ ఎర్త్ గురించి అడిగింది నువ్వొక్కడివే. దానికి సమాధానం ఫోన్లో అయ్యేది కాదు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా, చెల్లిని పెద్దగా చదివి వినిపించమను, నువ్వు కళ్ళు పొడుచుకుని ఫోన్లో చదవొద్దు.

ముందు చోటు సంగతి చెప్తా. నేను మామూలుగా ఉండేది లైబీరియా రాజధాని మన్రోవియాలోనే, కానీ జనవరి నుంచి బుకానన్ అనే ఊళ్ళో ఉన్నాను, మన్రోవియాకి తూర్పున సముద్రం ఒడ్డునే ఉంటుంది, అచ్చం మన చీరాల వాడరేవు గాలే అనుకో, కాకపోతే ఇసుక దాటగానే అడవి. ఇక్కడ మిషనరీ వాళ్ళ చిన్న ఎఫ్ఎం రేడియో స్టేషన్ ఒకటుంది, రేకుల కప్పు ఇల్లు, పక్కన ఒక టవర్, అంతే. మా ఓనరు గారు ఆ స్టేషన్‌కి సోలార్ పని ఒప్పుకుని నన్ను పంపారు. మొదటి రోజు పాస్టర్ గారు చెయ్యి కలిపి, విడిచేటప్పుడు వేళ్ళతో చిటిక వేశారు, ఇక్కడ అందరూ అలాగే చేస్తారు, నాకు ఇప్పటికి వచ్చింది. "హౌ ద బాడీ" అని అడుగుతారు, అంటే ఒంట్లో ఎలా ఉంది అని, "ట్రైయింగ్ స్మాల్" అనాలి మనం. ఇంకోటి చెప్తే నవ్వుతావు, వీళ్ళు కూడా కరెంటుని "కరెంట్" అనే అంటారు, మనలాగే, "నో కరెంట్" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నువ్వు సైకిల్ మీద టెస్టర్ జేబులో పెట్టుకుని వెళ్ళే రోజులే గుర్తొస్తాయి.

ఇక్కడ కరెంట్ ఎందుకు ఇలా ఉందో నీకు అర్థం అవుతుంది కాబట్టి రాస్తున్నా. మన్రోవియాకి పైన సెయింట్ పాల్ నది మీద మౌంట్ కాఫీ అని జలవిద్యుత్ కేంద్రం ఉంది, 1966లో కట్టారు, అంతర్యుద్ధంలో నాశనం అయిపోయింది, మళ్ళీ తిరగడం మొదలైంది 2016 డిసెంబర్‌లో. 88 మెగావాట్లు, మన నాగార్జునసాగర్ 800 మెగావాట్ల పైనే కదా, దానిలో తొమ్మిదో వంతు అనుకో. అదైనా వానాకాలంలోనే బాగా తిరుగుతుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎండలు, నది తగ్గిపోతుంది, కరెంటూ తగ్గిపోతుంది. కానీ సరిగ్గా ఆ నెలల్లోనే ఎండ దండిగా ఉంటుంది! నీళ్ళు లేనప్పుడు ఎండ, ఎండ లేనప్పుడు నీళ్ళు, ఈ దేశానికి దేవుడు రెండూ కలిపి ఇచ్చాడు, కావాల్సిందల్లా పట్టుకునే సామానే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

స్టేషన్ వాళ్ళు ఇన్నాళ్ళూ జనరేటర్ మీదే నడిపారు. ట్రాన్స్‌మిటర్ ఒక కిలోవాట్‌ది, అది ఒక కిలోవాట్ గాల్లోకి పంపడానికి ఒకటిన్నర పైన తింటుంది, మిగతాది వేడి అయి పోతుంది, దానికి తోడు మిక్సరు, రెండు కంప్యూటర్లు, స్టూడియోలో చిన్న ఏసీ, మొత్తం రెండున్నర కిలోవాట్లు నిలకడగా. గంటకి రెండు లీటర్ల డీజిల్, ఇక్కడ గాలన్ల లెక్కన అమ్ముతారు. ఆ ఖర్చు భరించలేక పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు మాత్రమే ప్రసారం చేసేవాళ్ళు. పగలు పొలంలో ఉన్నవాళ్ళు, సంతలో కూర్చునేవాళ్ళు రేడియో తిప్పితే గరగర తప్ప ఏమీ లేదు. వీళ్ళ కోరిక పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా నడవాలని, అంటే పద్దెనిమిది గంటలు, రోజుకి 45 యూనిట్లు.

దానికి 550 వాట్ల ప్యానెళ్ళు ముప్ఫై పెట్టాను, పదహారున్నర కిలోవాట్లు. ఐదేసి కిలోవాట్ల ఇన్వర్టర్లు మూడు, లిథియం బ్యాటరీలు ఆరు, ఒక్కోటి ఐదు యూనిట్లు. చీకటి పడ్డాక, తెల్లారకముందు కలిపి ఇరవై యూనిట్లు కావాలి, బ్యాటరీ మొత్తం పిండకుండా సరిపోతుంది. జూలైలో వాన వదలకుండా కొడుతుంది, అప్పుడు చాలదు, జనరేటర్ కాసేపు వెయ్యాల్సిందే, ఆ మాట ముందే చెప్పేశాను, లేనిపోని ఆశ పెట్టకూడదు కదా. మన్రోవియాలో ఏడాదికి నాలుగు మీటర్ల పైన వాన పడుతుంది నాన్నా, మన ఆంధ్రాలో సగటున ఒక్క మీటరు కూడా ఉండదు.

ప్యానెళ్ళు కప్పు మీద పెడదామంటే రేకుల కింద దూలాలు పుచ్చిపోయి ఉన్నాయి, అందుకే నేల మీదే పైపులు పాతి పెట్టాం. స్తంభం పొడుగులో ఆరో వంతు భూమిలో ఉండాలి అని నువ్వు చెప్పేవాడివే, ఆ లెక్క ఇక్కడ చాలదు, ఎందుకంటే ప్యానెల్ కిందకి గాలి దూరితే గొడుగుని లేపినట్టు పైకి లాగుతుంది, పైగా ఉత్త ఇసుక, కాబట్టి మూడడుగులు తవ్వి కాంక్రీట్ పోశాం. వాలు పది డిగ్రీలే దక్షిణానికి. ఈ ఊరు భూమధ్యరేఖకి ఆరు డిగ్రీల దూరంలోనే, సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, ఆ కాస్త వాలైనా వాననీళ్ళు జారి దుమ్ము కడిగెయ్యడానికే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సహారా ఎడారి నుంచి హర్మటాన్ అనే గాలి వస్తుంది, ప్యానెళ్ళ మీద పొడి పేరుకుంటుంది, స్టేషన్ కుర్రాళ్ళు తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో తుడుస్తారు. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలే వేశాను, ఉప్పుగాలికి మామూలువి ఏడాది కూడా ఆగవు.

అన్నీ బిగించి ఆన్ చేసిన రోజు ఒక తప్పు బయటపడింది, అది నాదే. ట్రాన్స్‌మిటర్ బాగానే ఉంది, కానీ స్టూడియోలో మైకు తెరిస్తే సన్నగా గుయ్యిమని మోత, పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే వెనకాల దోమ తిరుగుతున్నట్టు. రెండు రాత్రులు నిద్రపోలేదు, మిక్సర్ కేబుళ్ళన్నీ మార్చాను, వైర్లకి మోతని తగ్గించే ఫెర్రైట్ రింగులు తగిలించాను, కాస్త తగ్గిందే గానీ పోలేదు. మూడో రోజు నీ మాట గుర్తొచ్చింది, "కంటికి కనపడేది చూసి అయిపోయాక మట్టిలో చూడు" అనేవాడివి. చూస్తే స్టూడియోకి పాత ఎర్త్ రాడ్ ఒకటి, టవర్‌కి ఇంకోటి, నేను ఇన్వర్టర్లకి కొత్తగా వేసింది ఇంకోటి, మూడూ దేని దారి దానిదే. ఇన్వర్టర్ నుంచి లీకయ్యే కాస్త కరెంట్ ఆడియో వైరు చుట్టూ ఉండే లోహపు తొడుగు, అదే షీల్డు, మీదుగా ఒక ఎర్త్ నుంచి ఇంకో ఎర్త్‌కి పోతోంది, ఆ మోత అదే.

ఇక్కడే నాన్నా నీ మాట దాటాను, కోప్పడకు. పిడుగు ఎర్త్ వేరే, ఇంటి ఎర్త్ వేరే, రెండూ కలపకూడదు అని నువ్వు చిన్నప్పటి నుంచీ చెప్పావు, నేనూ అదే నమ్మాను. కానీ ఆలోచించి చూడు, టవర్ మీద పిడుగు పడితే దాని ఎర్త్ గుంట దగ్గర నేలే వేల వోల్టులకి లేస్తుంది, స్టూడియో గుంట దగ్గర అంత ఉండదు, ఆ తేడా ఎక్కడో ఒకచోట దాటాలి కదా, మధ్యలో ఉన్న దారి మన మిక్సరు, మన ట్రాన్స్‌మిటర్. అదే గుంటలన్నీ లావు రాగిపట్టీతో కలిపేస్తే అన్నీ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి, సామాను మధ్యలో నలగదు. అందుకని టవర్ చుట్టూ, స్టేషన్ చుట్టూ కాలవ తవ్వి రాగిపట్టీ వేసి అన్నీ ఒకటి చేశాను, లోపలికి వచ్చే ప్రతి వైరూ ఒకేచోట ఆ పట్టీని తాకి వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరితే దాన్ని ఎర్త్‌కి మళ్ళించే సర్జ్ ప్రొటెక్టర్ దాటి వచ్చేలా పెట్టాను. మనం ఎర్త్ గుంటలో వేసే ఉప్పూ బొగ్గూ వెయ్యలేదు, ఇక్కడ నేల ఎప్పుడూ తడే, ఉప్పు ఇంకా వేస్తే లోహాన్ని తినేస్తుంది. ఎర్త్ ఎంత అడ్డుకుంటుందో చూపే మెగ్గర్‌తో కొలిస్తే నాలుగు ఓములు కూడా రాలేదు, ఎంత తక్కువైతే అంత మంచిది కదా. మోత అక్కడికక్కడే పోయింది.

అసలు పరీక్ష పోయిన బుధవారం. వానాకాలం ముందర ఇక్కడ ఉరుములూ మెరుపులూ విపరీతం. రాత్రి ఎనిమిదింటికి బస్సా భాషలో కార్యక్రమం నడుస్తోంది, ఇక్కడి జనం ఎక్కువ బస్సావాళ్ళే, వాళ్ళకి వా అని సొంత లిపి కూడా ఉంది. నేను బ్యాటరీ గదిలో ఉన్నాను. ఒక్కసారిగా గదంతా తెల్లగా అయిపోయి, చెవులు పగిలే చప్పుడు, టవర్ మీదే పడింది. నా కాళ్ళలో సత్తువ లేదు, ట్రాన్స్‌మిటర్ మీటర్ వైపు చూడ్డానికే భయం వేసింది. చూస్తే ముల్లు కదల్లేదు. పక్కన చిన్న రేడియోలో ఆ కార్యక్రమం చెప్పే తల్లి బస్సాలో మాట్లాడుతూనే ఉంది, ఒక్క అక్షరం తెగలేదు. సర్జ్ ప్రొటెక్టర్లలో ఒకటి ఎర్రగా మారింది, అంతే, మర్నాడు కొత్తది వేశాను.

పాస్టర్ గారు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడారు. మన్రోవియా దగ్గర ఎల్వా అని పాత మిషనరీ రేడియో ఉంది, 1954లో మొదలైంది, ఆ పేరుతో పెద్ద జంక్షనే ఉంది, మన ఆటోల్లాంటివే కెకెలు అంటారు, డ్రైవర్లు "ఎల్వా ఎల్వా" అని అరుస్తారు. 1990లో యుద్ధంలో ఆ స్టేషన్ ధ్వంసం అయిపోయింది, మళ్ళీ కట్టుకున్నారు. 2014లో ఎబోలా వచ్చి బళ్ళు మూసేసినప్పుడు పిల్లలకి పాఠాలు రేడియోలోనే చెప్పారంట. అందుకే ఇక్కడ రేడియో ఆగిందంటే ఇంట్లో మనిషి మాట పడిపోయినట్టే భయపడతారు.

అదంతా వింటుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని ఫెబా అనే క్రైస్తవ రేడియోలో తెలుగు వాక్యం వినేది కదా, నేను చేప వల తగిలించిన తీగని యాంటెనాకి చుట్టి ఇచ్చేవాణ్ణి. అది సీషెల్స్ దీవుల నుంచి వచ్చేదని నాకు ఈ మధ్యే తెలిసింది, 1970 నుంచి 2003 దాకా అక్కడి నుంచి పంపారు, టవర్లు సముద్రంలో పగడపు దిబ్బల మీదే నిలబెట్టారంట. ఆ ఉప్పునీళ్ళలో ఆ టవర్ల బోల్టులు బిగించిన మనిషెవరో, నాయనమ్మ ఎవరో అతనికి తెలీదు, మన అరుగూ తెలీదు. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను నాన్నా, ఇక్కడ ఎవరి నాయనమ్మకో.

ఇంకో వారంలో మన్రోవియా వెళ్ళిపోతాను. ఇక్కడి కుర్రాడొకడికి మెగ్గర్ పట్టుకోవడం నేర్పాను, మూడు నెలలకోసారి కొలిచి పుస్తకంలో రాయమన్నాను, నువ్వు రాసే లాగానే. డబ్బులు ఒకటో తారీఖున వేస్తాను. తిండికి ఇబ్బంది లేదు, కసావా ఆకు కూర అన్నంలో కలుపుకుంటే మన గోంగూర అంత కాకపోయినా బానే ఉంటుంది, కానీ ఎవరైనా వస్తుంటే అమ్మని ఆవకాయ ఒక సీసా పంపమను.

మన ఇంట్లో పెరట్లో ఒక గుంట, ఇన్వర్టర్‌కి నువ్వు ముందువైపు వేసిన ఇంకో గుంట ఉన్నాయి కదా, జూన్‌లో వానలు పడకముందే రెండూ కలిపించు. నువ్వు మాత్రం గునపం పట్టుకోకు, పక్కింటి బాబాయి కొడుకుని పిలు, నువ్వు కుర్చీ వేసుకుని చూడు, కొలత ఎంత వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు.