30 సెకన్ల లెక్కలో హిప్‌హాప్

సంపాదకులకు,

ర్యాపర్లు డబ్బుకు అమ్ముడుపోయారని తిట్టేవారు ముందు లెక్క చూడాలి. పాటల యాప్ స్పాటిఫైలో పాట కనీసం 30 సెకన్లు మోగితేనే ఒక ప్లేగా లెక్క. అందుకే పల్లవి ముందుకు జరిగింది, 16 బార్ల (తాళ ఆవర్తాల) చరణం కుంచించుకుపోతోంది. ఇక కథ చెప్పడానికి చోటేదీ? శాంపిల్, అంటే పాత రికార్డింగ్‌లోంచి తీసుకున్న ముక్క, వాడాలంటే రికార్డింగ్ హక్కుదారుతో పాటు స్వరరచన హక్కుదారు అనుమతీ కావాలి. అనుమతి లేకుండా శాంపిల్ వాడటం తప్పని 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, పాత ముక్కలెన్నో కలిపి బీట్ అల్లే పద్ధతి మోయలేనంత ఖరీదైంది. అది హిప్‌హాప్‌కు తీరని నష్టం.

రికార్డు కంపెనీ ముందుగా ఇచ్చే అడ్వాన్స్ బహుమానం కాదు. దాన్నీ, చాలా ఒప్పందాల్లో వీడియో ఖర్చునూ కళాకారుడి రాయల్టీలోంచే (పాట ఆదాయంలో అతని వాటాలోంచే) మినహాయిస్తారు. ఆ బాకీ తీరేదాకా కళాకారుడికి రాయల్టీ అందదు. ర్యాపర్లారా, మాస్టర్ (అసలు రికార్డింగ్) హక్కులు మీకు ఎన్నేళ్లకు తిరిగొస్తాయో సంతకానికి ముందే రాయించుకోండి.

– ఒక హిప్‌హాప్ అభిమాని