ఆ రోజు బూత్ దగ్గర మా అమ్మకు తోడున్న చెల్లెమ్మకు

2024 మే 13న మా మండల కేంద్రం హైస్కూల్లో ఓటు వెయ్యడానికి వచ్చిన ఆ చెల్లెమ్మ ఎవరో నాకు తెలియదు. ఇది ఆమెదాకా చేరితే చాలు.

అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఓటరు కార్డు ఎక్కడో పోయింది. చేతిలో ఉన్నది ఓటరు స్లిప్పు ఒక్కటే. స్లిప్పు ఒక్కటే చూపిస్తే ఓటు వెయ్యనివ్వరని, కార్డు ఉంటేనే రమ్మని గుమ్మం దగ్గరే తిప్పి పంపేశారు. "పోనీలే, ఇంటికి పోదాం పద" అంది అమ్మ. ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది.

వెనక వరుసలోంచి మీరొచ్చారు. గోడకు అంటించిన కాగితం మీద వేలు పెట్టి చదివారు: ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, పింఛను పత్రం, ఉపాధి హామీ జాబ్ కార్డు... మొత్తం 12 రకాలు, ఏ ఒక్కటున్నా చాలు. "పెద్దమ్మా, జాబ్ కార్డు ఉందా?" అనడిగారు. ఉంది, ఇంట్లో ట్రంకుపెట్టెలో. నేనెవరో ఏమిటో అడక్కుండా మీ స్కూటీ తాళం నా చేతిలో పెట్టేశారు! మీ వంతు వదులుకుని, అమ్మను షామియానా కింద కూర్చోబెట్టి, కొంగుతో విసురుతూ ఉన్నారు. ఓటు కోసమే రాత్రంతా బస్సులో హైదరాబాద్ నుంచి వచ్చారట, అమ్మే చెప్పింది.

అమ్మ ఓటు వేసింది. బయటికొచ్చేసరికి మీరు లోపలికెళ్ళారు, ఆ జనంలో మళ్ళీ కనబడలేదు.

మీకు చాలా రుణపడి ఉన్నాం తల్లీ. ఈసారి ఊరికొస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి. హైస్కూలు వెనక వీధి, వేపచెట్టున్న ఇల్లు.