స్టూలు వేస్తే చాలదు, కూర్చోనివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

దుకాణాల్లో పనిచేసేవాళ్లు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి తగిన ఏర్పాటు ఉండాలని తమిళనాడు 2021లో చట్టం చేసింది. 1947 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో 22-ఎ సెక్షన్ చేర్చింది. కేరళ ఈ పని 2018లోనే చేసింది. దాని వెనక కోళికోడ్ మిఠాయి వీధిలో పి.విజి ముందుండి నడిపించిన సేల్స్ మహిళల పోరాటం ఉంది.

మా టి.నగర్‌లో మాత్రం చట్టం కౌంటర్ కిందే ఉండిపోయింది. మొన్న ఒక మధ్యాహ్నం ఉస్మాన్ రోడ్డులో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లాను. చీరల సెక్షన్‌లో బేరాల్లేవు. స్టూళ్లున్నాయి, వాటి మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. తిరుత్తణి వైపు నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒక పెట్టె పక్కన పెట్టి కూర్చుంది. ఫ్లోర్ సూపర్‌వైజర్ అటుగా వచ్చాడు. ఒక్క మాట అనలేదు, ఊరికే చూశాడు. ఆ పిల్ల చటుక్కున లేచి, మడతపెట్టిన చీరనే మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టింది. "కూర్చోమ్మా, నాకేం తొందర లేదు" అన్నాను. "వద్దక్కా, సాయంత్రం మాట పడాలి" అంది.

అక్కడ నడిచేది ఆ చూపే, సెక్షన్ కాదు. కొత్తగా చేరినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పాతవాళ్లను చూసి రెండ్రోజుల్లో నేర్చుకుంటారు. రేపు వాళ్లలో ఒకరు సూపర్‌వైజర్ అయితే అదే చూపు చూస్తారు. షట్టర్ దించేదాకా నిలబడితే కాళ్లు వాస్తాయి, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. నెలసరి రోజుల్లో ఆ బాధ చెప్పనలవి కాదు. మా వీధి మందుల షాపులో రద్దీ తగ్గగానే యజమానే "కాసేపు కూర్చోండమ్మా" అంటాడు. అక్కడ పనేమీ ఆగిపోలేదు.

మనవాళ్ల పాత్రా ఉంది. నెల్లూరు, తిరుపతి నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు "మేమొస్తే లేవదేంటి?" అని మేనేజర్‌కు చెప్పడం నేను విన్నాను. అలాంటి ఫిర్యాదు ఒక్కటి చాలు, ఇక ఆ అంతస్తులో ఎవరూ స్టూలు జోలికి పోరు.

కార్మిక శాఖ అధికారులు స్టూళ్లు లెక్కపెట్టి వెళ్లిపోవద్దు. బేరాల్లేని మధ్యాహ్నం వచ్చి, వాటి మీద మనుషులున్నారో పెట్టెలున్నాయో చూడాలి. యజమానులు సిబ్బంది అందరి ముందే సూపర్‌వైజర్లకు చెప్పాలి, కూర్చున్నవాళ్లను లేపొద్దని. చీరలకు వచ్చే మనవాళ్లను నేను కోరేది ఒక్కటే: "కూర్చునే చూపించమ్మా" అనండి, సూపర్‌వైజర్‌కు వినపడేలా అనండి.

– ఒక పాఠకురాలు, వెస్ట్ మాంబళం, చెన్నై