ఇడ్లీ పాత్ర ఇడ్లీలకేనా?

సంపాదకులు గారికి,

ఆవిరి మీద వండుకోవడానికి కరెంటు స్టీమర్ కొనుక్కోమని మీ వంటల పేజీలో రాశారు. ఆవిరి వంట మంచిదే. కానీ మన తిరుపతిలో ఇడ్లీ పాత్ర లేని ఇల్లుందా? వేలు పోసి ఇంకొకటి ఎందుకు?

మా ఇంట్లో ఇడ్లీ పాత్ర పొయ్యి దిగదు. శెనక్కాయలు పెరికే కాలంలో పచ్చికాయలను ఉప్పునీళ్లలో నానేసి, చిల్లుల పళ్లెం మీద పోసి ఉడికిస్తాను. గింజ చప్పబడదు. గెనుసుగడ్డలకైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నీళ్లలో ఉడికిస్తే తీపి కొంత ఆ నీళ్లపాలే. ఆవిరికి అరగంటలో మెత్తబడతాయి, తొక్క చేత్తోనే వచ్చేస్తుంది.

రాగి పిట్టు గురించి వివరంగా చెప్పాలి. రాగిపిండిని సన్నసెగ మీద వేయించి, ఆరాక ఉప్పు కలిపిన నీళ్లు చల్లుతూ కలపాలి. గుప్పిట పడితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే పొడి కావాలి. తడిగుడ్డ పరిచిన ఇడ్లీ రేకుల్లో వదులుగా పోయాలి. అదిమితే ఆవిరి లోపలికి పోక నడుమ పచ్చిగా ఉండిపోతుంది. పది పన్నెండు నిమిషాలకు కమ్మని వాసన వస్తుంది. దించి బెల్లం, కొబ్బరి తురుము, నెయ్యి కలిపి పెడితే పిల్లలు బిస్కెట్లు అడగరు.

మా మేడ మీద గదిలో యూనివర్సిటీలో చదివే అమ్మాయిలు అద్దెకుంటున్నారు. వాళ్లకున్నది ఒకటే పొయ్యి. నా పాత ఇడ్లీ పాత్ర ఇచ్చాను. పై రేకులో గుడ్లు, కింది రేకుల్లో క్యారెట్, బీన్స్ ముక్కలు పెట్టుకుంటారు. పావుగంటలో అన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి. హోటల్ ఖర్చు తగ్గిందని వాళ్లమ్మలు ఫోన్ చేసి చెబితే ఎంత సంతోషమేసిందో!

నీళ్లు అడుగు రేకును తాకకూడదు. అడుగున ఒక నాణెం వేస్తే నీళ్లున్నంతసేపూ గలగలమంటుంది, చప్పుడు ఆగితే నీళ్లు అయిపోవచ్చాయని అర్థం. అల్యూమినియం పాత్రయితే నీళ్లలో కాస్త చింతపండు పిప్పి వేస్తే లోపల నల్లబడదు. పులుపున్న పదార్థాలు మాత్రం నేరుగా ఆ రేకుల్లో పెట్టకండి, కింద అరిటాకు ముక్క వేయండి.

ఇకమీదట ఆవిరి వంటలు రాసేటప్పుడు ఇడ్లీ పాత్రలో ఎలా చేయాలో కూడా రాయించండి. పలమనేరు, పుత్తూరు, మదనపల్లె వైపు ఆడవాళ్లు ఇందులో ఇంకేమేం వండుతారో మీ పేజీలో అడగండి. తెలుసుకోవాలని నాకు చాలా ఆశగా ఉంది.

– ఒక గృహిణి, బైరాగిపట్టెడ, తిరుపతి