మూడో శనివారం కంప్యూటర్లకూ ఒక గంట ఇవ్వండి: ఐటీ, విద్యాశాఖల మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఐటీ, విద్యాశాఖల మంత్రిగారికి,

నమస్కారమండీ. పల్నాడు జిల్లాలో ఒక చిన్న పట్టణంలో కంప్యూటర్ సర్వీస్ షాపు పెట్టుకుని పద్దెనిమిదేళ్ళుగా బతుకుతున్నాను. బడులు, ఆఫీసులు, జిరాక్స్ షాపులు, డీటీపీ సెంటర్లు, ఎవరి సిస్టమ్ ఆగినా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నాకే ఫోన్ వస్తుంది. ఐటీ, విద్య రెండూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల ముందు ఒక ప్రభుత్వ హైస్కూలుకు రమ్మన్నారు. ల్యాబ్‌లో నెట్ రావట్లేదని ఎనిమిది నెలలుగా తాళం వేసి ఉంచారు. హెడ్మాస్టరు గారు కంపెనీకి రెండుసార్లు ఉత్తరం రాశారట. వారంటీ అయిపోయిందని జవాబు వచ్చిందట. నేను వెళ్ళి ఒక సిస్టమ్ ఆన్ చేశాను. వైఫై కలిసింది, కానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదంటూ ఎర్ర గుర్తు వస్తోంది. కింద మూలన తేదీ చూస్తే 2012 జనవరి 1. లోపలి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోయింది. మా ఊళ్ళో దాని ధర నలభై రూపాయలు.

తేదీ తప్పితే నెట్ ఎందుకు రాదని అక్కడి పిల్లలు అడిగారు. మీకూ చెబుతాను. ప్రతి వెబ్‌సైటుకూ ఒక డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అది చెల్లుతుంది. కంప్యూటర్ తాను 2012లో ఉన్నానని అనుకుంటోంది కాబట్టి ఇప్పటి సర్టిఫికెట్లేవీ దానికి చెల్లవు. విండోస్ అప్‌డేట్ కూడా అదే కారణంతో ఆగిపోతుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అటెండరు మెయిన్ స్విచ్ ఆపేస్తాడు. అలా ఆపడం మంచిదే, కానీ కరెంటు లేని గంటలన్నీ ఆ చిన్న బ్యాటరీయే గడియారాన్ని నడిపించాలి. ఐదారేళ్ళకు అది ఖాళీ అవుతుంది. ఆ బడిలో పదకొండు సిస్టమ్‌లకు బ్యాటరీలు మార్చాను. నాలుగు వందల నలభై రూపాయలు అయింది. ఆ ఎనిమిది నెలల్లో పదో తరగతి పిల్లలు ల్యాబ్ లోపలికి ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండా పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధేసింది.

ఇందులో హెడ్మాస్టరు గారి తప్పేమీ లేదు. ఆయన సోషల్ టీచరు. కంప్యూటర్లు కొనేటప్పుడు టెండరు ఉంటుంది, ఫొటో ఉంటుంది, రిజిస్టరులో ఎంట్రీ ఉంటుంది. ఆ తర్వాత వాటిని నెలనెలా చూసుకోవడం ఫలానా మనిషి పని అని ఎక్కడా రాసి ఉండదు. నేను వెళ్ళిన ప్రతిచోటా ఇదే చూశాను. నా విన్నపమంతా దీని గురించే.

రోజూ నాకు ఎదురయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. 500 జీబీ డిస్క్‌లో విండోస్ ఉండే సీ డ్రైవ్‌కు నలభై యాభై జీబీ మాత్రమే ఇచ్చి, మిగతాదంతా డీ డ్రైవ్‌లో ఖాళీగా వదిలేసి సప్లై చేస్తారు. రెండేళ్ళకు సీ నిండిపోతుంది. అప్‌డేట్ మొదలై, చోటు లేదని 0x80070070 అనే ఎర్రర్ చూపించి వెనక్కి వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ అదే వరస. 'సిస్టమ్ స్లో అయింది, మార్చేయండి' అంటారు ఆఫీసులో. టెంపరరీ ఫైళ్ళు తుడిచేసి, అప్‌డేట్లు దిగే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డరును ఖాళీ చేసి, డీ నుంచి కొంత చోటు సీకి కలిపితే చాలాసార్లు అదే దారిలో పడుతుంది. గంట పని.

కొన్నిచోట్ల అప్‌డేట్ నడుస్తుండగానే కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయి ఉంటుంది. లేదంటే స్క్రీన్ మీద కంప్యూటర్ ఆపవద్దని ఇంగ్లీషులో కనిపిస్తున్నా, ఐదు అయిందని స్విచ్ ఆపేస్తారు. ఆ తర్వాత బ్లూ స్క్రీన్, నాకు ఫోన్. కమాండ్ విండోలో డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ అనే రెండు కమాండ్లు నడిపితే దెబ్బతిన్న విండోస్ ఫైళ్ళు చాలావరకు బాగవుతాయి. అవి తెలియక ఫార్మాట్ కొట్టేసి, ఆఫీసు ఫైళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో.

సర్వర్ డౌన్ అనే మాట మీరు వినే ఉంటారు. ఒకసారి నేను ఒక సేవా కేంద్రంలో ప్రింటర్ బాగు చేస్తుండగా ఒక పెద్దావిడ వచ్చింది. మూడోసారి రావడమట. ఆధార్ వేలిముద్ర పడటం లేదు. అక్కడి కుర్రాడు 'సర్వర్ డౌన్ అమ్మా, రేపు రా' అన్నాడు. నేను చూస్తే సర్వర్ బాగానే ఉంది. వేలిముద్ర మిషన్ పని చేయాలంటే కంప్యూటర్లో ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ అయి ఉండాలి. అది పాతబడిపోయింది. కొత్తది వేస్తే పది నిమిషాల్లో మిషన్ ఆవిడ వేలిముద్ర తీసుకుంది. ఆ రెండుసార్లూ ఆవిడ కూలి పోగొట్టుకుంది, ఆటో ఖర్చు పెట్టుకుంది. ఆ కుర్రాడు కూడా అబద్ధం చెప్పలేదు. తెర మీద కనిపించిన ఎర్రర్‌కు అతనికి తెలిసిన అర్థం అదొక్కటే.

అప్‌డేట్ లేకపోతే జరిగే నష్టం ఇంతకన్నా పెద్దది కూడా. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన రాష్ట్రంలోనూ కొన్ని పోలీసు ఆఫీసుల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చి 14న విడుదల చేసింది. రెండు నెలల సమయం ఉంది. అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ కంత గుండా అది దూరలేకపోయింది. ఆ వారంలో నా షాపుకు ఒక చిన్న ఆఫీసు సీపీయూ వచ్చింది. ఏళ్ళ తరబడి రాసిన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదు. ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఆ గుమాస్తా నా షాపు బల్ల మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ మాత్రం ఆగదు, రోజూ ఆన్ అవుతూనే ఉంటుంది. అందుకే ఎవరికీ తెలియదు. కొత్తగా బయటపడే కంతలు పూడకుండా అలాగే ఉంటాయి. విండోస్ 11కు వెళ్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. 2018కి ముందు కొన్నవాటిలో చాలావాటికి ఆ అర్హత లేదు. బడుల్లో నేను చూసేవి ఎక్కువగా అవే.

దీనికి ఒక దారి ఉంది, అది మీ స్థాయిలోనే తెరుచుకుంటుంది. డబ్బు కడితే మరో మూడేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మామూలు సంస్థలకైతే ఒక్కో కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు. విద్యాసంస్థలకు మొదటి ఏడాది 1 డాలరు, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. మూడేళ్ళకూ కలిపి ఏడు డాలర్లు, అంటే మన డబ్బులో ఆరేడు వందల రూపాయలు. ఇంత తక్కువ ధర బడులకు దొరుకుతుందని నేను కలిసిన హెడ్మాస్టర్లలో ఒక్కరికీ తెలియదు. తెలిసినా ఆయన ఒక్కడూ వెళ్ళి కొనుక్కునేది కాదిది, విద్యాశాఖ మొత్తానికీ లైసెన్సు ఒప్పందం ఉండాలి. మీ సంతకంతో అన్ని బడులకూ ఒకేసారి అయ్యే పని. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ అప్‌డేట్లు రావాలంటే ముందు ఆ కంప్యూటర్ విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2లో ఉండాలి. నేను వెళ్ళిన ల్యాబుల్లో ఇంకా 2018, 2019 నాటి వెర్షన్లే నడుస్తున్నాయి. కాబట్టి డబ్బు కట్టినంత మాత్రాన అవ్వదు, ఎవరో ఒకరు వెళ్ళి ఒక్కోదాన్నీ ఆ మెట్టు ఎక్కించాలి.

రెండు జీబీ ర్యామ్‌తో విండోస్ 7 మీద ఈడుస్తున్నవాటికి ఈ దారి కూడా లేదు. వాటిని పారేయనక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో అక్కడి విద్యాశాఖకు చెందిన కైట్ సంస్థ సొంతంగా తయారు చేసుకున్న లినక్స్ (విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికేది) మీదే ఏళ్ళ తరబడి పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తేలికపాటి లినక్స్ వేసి, వీలైతే పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ ఒకటి పెడితే అవి టైపింగుకీ, పిల్లలు నేర్చుకునే స్క్రాచ్ ప్రోగ్రామింగుకీ బాగా సరిపోతాయి. మా అన్నయ్య కూతురు అలాంటి సిస్టమ్ మీదే పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టింది.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. 'అప్‌డేట్ చేస్తే నా అనూ ఫాంట్లు పోతాయండీ, వద్దు' అని ఆఫీసుల్లో టైపిస్టులు నా చెయ్యి పట్టుకుని ఆపేస్తారు. కంప్యూటర్లో తెలుగు అచ్చుకు అనూ చేసిన మేలు చిన్నది కాదు, డీటీపీ వాళ్ళమంతా దాని అన్నం తిన్నవాళ్ళమే. కానీ యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా అక్షరాలు సరిగ్గా కనిపించే పద్ధతి) కాని పాత ఫాంట్ల కోసం, అవి నడిచే పాత విండోస్ కోసం ఆఫీసు కంప్యూటర్ మొత్తాన్నీ పదేళ్ళ వెనక ఆపేస్తున్నారు. అలా టైపు చేసిన ఉత్తరం వాట్సాప్‌లో పెడితే గజిబిజి అక్షరాలే కనిపిస్తాయి. 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు వచ్చింది. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది. ఆ అప్‌డేట్ వెయ్యలేదు కాబట్టి అది వచ్చిందనే సంగతి వాళ్ళకు తెలియలేదు. ప్రభుత్వ కాగితాలన్నీ యూనికోడ్‌లోనే ఉండాలని మీరు గట్టిగా చెబితే, టైపిస్టులకు రెండు రోజులు నేర్పిస్తే ఈ భయం పోతుంది.

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెబుతున్నాను. లైసెన్సు కొనకుండానే విండోస్‌ను నడిపించే యాక్టివేటర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్‌ను నెట్ నుంచి తెచ్చి వేసి, అది పట్టుబడకుండా అప్‌డేట్లూ యాంటీవైరసూ ఆపేసిన సిస్టమ్‌లు ఆఫీసు బల్లల మీద కూడా నేను చూశాను. రిపేరు బిల్లులతో పాటు ఒరిజినల్ లైసెన్సు ఉందో లేదో అడిగే పద్ధతి పెట్టండి.

అప్‌డేట్ వల్లే కంప్యూటర్లు పడిపోతాయి కదా అని కొందరు అంటారు. అందులో నిజముంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో పడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు చాలా కంప్యూటర్లకు మందు ఒకటే: మనిషి దగ్గరకు వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు తీసేయడం. అందుకే అన్నిటికీ ఒకేసారి వెయ్యకూడదు. మండలానికి రెండు మూడు సిస్టమ్‌ల మీద ముందు వేసి, వారం చూసి, తర్వాత మిగతావాటికి వెయ్యాలి. అప్పటికీ తేడా వస్తే వెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి.

అలాంటి మనిషిని ఇమ్మనే మిమ్మల్ని అడుగుతున్నాను. మండలానికి ఒక్కరు చాలు. మా ప్రాంతంలోనే ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు, నా దగ్గరే ఇద్దరు పని నేర్చుకుంటున్నారు. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు కదా అంటారేమో. సర్వేలతోనే వాళ్ళ పొద్దు గడిచిపోతోంది, వాళ్ళ మీద ఇది కూడా వెయ్యకండి. కొత్తవాళ్ళకు బైకు పెట్రోలు ఖర్చు, ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక పెన్‌డ్రైవ్, కొన్ని బ్యాటరీలు, సిస్టమ్‌ల అడ్మిన్ పాస్‌వర్డు ఇవ్వండి. ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో తెలియక నేను వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

రోజు కూడా కుదిరే ఉంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం వస్తాయి, మనకు ఆ రాత్రి అవుతుంది. ఏ నెలలో చూసినా మూడో శనివారం దాని తర్వాతే పడుతుంది. మన రాష్ట్రంలో ఆ రోజు స్వచ్ఛాంధ్ర పేరుతో ఆఫీసులు, బడులు ఊడ్చి శుభ్రం చేస్తున్నాం. ఆ రోజే ఒక గంట కంప్యూటర్లకూ ఇవ్వండి. లోపల దుమ్ము దులపడం, తేదీ చూడడం, సీ డ్రైవ్ చూడడం, అప్‌డేట్ వెయ్యడం, ముఖ్యమైన ఫైళ్ళు బ్యాకప్ తీయడం. రిజిస్టరులో ఒక సంతకం.

మొన్న మళ్ళీ ఆ హైస్కూలుకు వెళ్ళాను. పదకొండులో ఏడింటిని 22హెచ్2కి తెచ్చాను, ఒకటి విండోస్ 11కి వెళ్ళింది. మూడు ఏ దారికీ రానివి, వాటికి లినక్స్ వేస్తానంటే సిలబస్‌లో విండోస్ అని ఉందే అని హెడ్మాస్టరు గారు ఆగారు. ఆ ఏడింటికి అప్‌డేట్ల డబ్బు ఎవరు కడతారని కూడా అడిగారు. రెండిటికీ నా దగ్గర జవాబు లేదు. మీ కార్యాలయం నుంచి వస్తుందని ఆయనతో చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
పల్నాడు జిల్లా