వార్షిక నివేదిక: ముందు రిజిస్టరు, తర్వాతే గ్యాలరీ

సభ్య మిత్రులందరికీ మన మ్యూజియంల సంఘం కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏడాది మొదట్లో ఏ సాయం కావాలో చెప్పమంటే, ఎక్కువ మ్యూజియంలు గ్యాలరీలకు కొత్త రూపు, మంచి లైటింగ్ కావాలన్నాయి. కార్యవర్గం మాత్రం ముందుగా రిజిస్టర్లు, స్టోర్ రూంలు చక్కబెట్టే పనికే పూనుకుంది. వస్తువు ఎక్కడిదో, ఎవరిచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో రాసి లేకపోతే అద్దాల బీరువాలో ఎంత అందంగా పెట్టినా ప్రయోజనం తక్కువ. రేపు అది కనిపించకుండా పోతే, మనదని చూపడానికి కాగితం ముక్క కూడా ఉండదు.

నమోదుకు బ్రిటన్‌లో 1994లో వెలువడిన స్పెక్ట్రమ్ అనే మ్యూజియం వస్తువుల నిర్వహణ ప్రమాణాన్ని ఆధారంగా తీసుకున్నాం. అందులోని తొమ్మిది ప్రాథమిక పద్ధతుల్లో, వస్తువు ఎక్కడుంది, ఎక్కడికి కదిలింది అని రాసుకునే దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడుతున్నారు. ఫొటో కోసం పక్క గదికి తీసుకెళ్లిన కుండ అక్కడే ఉండిపోతుంది. రిజిస్టర్లో మాత్రం పాత అర నంబరే ఉంటుంది.

శిక్షణల్లో నంబర్లు వేసే తరగతికే ఎక్కువ మంది వచ్చారు. 2025.3.2 అంటే 2025లో వచ్చిన మూడో విరాళంలో రెండో వస్తువు. మట్టిపాత్రలు, లోహపు వస్తువులైతే ఎసిటోన్‌లో కరిగించిన పారాలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ రెజిన్‌ను కంటబడని చోట పలచగా పూసి, ఆరాక సన్నటి పెన్నుతో నంబరు రాసి, పైన మరో పూత వేయాలి. నంబరు చెరగదు, అవసరమైతే ఎసిటోన్‌తోనే తుడిచేయొచ్చు. ప్లాస్టిక్, లక్క, రంగు పూసిన వాటి మీద మాత్రం ఇది వాడకూడదు, ఎసిటోన్‌కు అవి పాడవుతాయి. బట్టలకు నంబరు రాసిన నూలు పట్టీని అంచున వదులుగా కుట్టాలి. స్టిక్కర్లు, సెల్లోటేపు దయచేసి మానేయండి. టేపు ఊడిపోయినా జిగురు మరక పోదు.

స్టోర్ రూంలు సర్దడానికి, సాంస్కృతిక సంపద పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐక్రోమ్ రూపొందించిన రీ-ఆర్గ్ పద్ధతిని అనుసరించాం. ఏ వస్తువైనా మూడు నిమిషాల్లో ఎక్కడుందో తెలియాలి, రెండింటికి మించి పక్క వస్తువులను కదపకుండా చేతికందాలి. ఈ రెండు పరీక్షలూ మీ స్టోర్లో ఒకసారి పెట్టి చూడండి. పాత కుర్చీలు, బ్యానర్లు బయటికి పంపేసరికే చాలాచోట్ల సగం ఇబ్బంది తీరింది.

వెలుతురును కొలిచే లక్స్ మీటరు, గదిలోని వేడిని, తేమను నమోదు చేసే డేటా లాగర్లు వంతులవారీగా అందించాం. బట్టలు, నీటిరంగు చిత్రాల మీద వెలుతురు 50 లక్స్ దాటకుండా చూసుకోండి. వెలిసిన రంగు తిరిగి రాదు.

నైతిక నియమాల మీద వచ్చిన ప్రశ్నలు తక్కువే అయినా బరువైనవి. పైకప్పు మరమ్మతుకు సంగ్రహంలోని వస్తువు అమ్ముకోవచ్చా అని ఒకరు అడిగారు. కూడదన్నాం. 1986లో ఆమోదించి 2004లో సవరించిన ఐకామ్ (అంతర్జాతీయ మ్యూజియంల మండలి) నైతిక నియమావళి ప్రకారం అలా వచ్చిన డబ్బు సంగ్రహం కోసమే, సాధారణంగా కొత్త వస్తువుల సేకరణకే వాడాలి. నిధుల కటకట ఎలాంటిదో మాకు తెలుసు. అయినా ఈ విషయంలో వెసులుబాటు ఇవ్వలేం, ఒకసారి అమ్మకం మొదలైతే దాతలు నమ్మరు. పూర్వాపరాలు తేలని వస్తువు ఉచితంగా వచ్చినా తీసుకోవద్దని కూడా చెప్పాం.

వచ్చే ఏడాది విపత్తు ప్రణాళికలు చేపడుతున్నాం. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు దగ్గర్లోని హైడ్రెంట్లలో (మంటలార్పే నీటి కుళాయిల్లో) సరిపడా నీళ్లు రాలేదు. అందుకే పని నీటి సరఫరా తనిఖీతో మొదలవుతుంది. ఈలోగా, ముందుగా కాపాడాల్సిన వస్తువుల జాబితా ప్రతి మ్యూజియమూ తయారుచేసి, రిజిస్టరు నకలుతో పాటు వేరే భవనంలో భద్రపరచాలని కోరుతున్నాం. జాబితా నమూనా కార్యవర్గం దగ్గర సిద్ధంగా ఉంది, అడిగిన వారికి పంపుతాం.

కార్యదర్శి